రవిక కూలీ కూడా లెక్కలో వేయండి

(తిరుపతిలోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో, ఆషాఢమాసంలో జరిగిన కామర్స్ విద్యార్థినుల సభలో ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారు నాకిచ్చిన అంశం 'పొదుపు'. ఆ మాట వినగానే వెనక బెంచీల్లో ఫోన్లు బయటికి వచ్చాయి, చూశాను. తీయండి, పర్వాలేదు. కాసేపటికి వాటితోనే మనకు పని ఉంది.

బట్టలు కొనొద్దని చెప్పడానికి నేను రాలేదు. మా నాయన మగ్గం నేసిన మనిషి. ఎక్కడో ఎవరో ఒక చీర కొంటేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది. వెంకటగిరి జాందానీ చీర మీద బుట్టాలు ఎన్ని రోజులు కూర్చుని నేస్తారో తెలిసినవాళ్లు ఎవరూ చీర కొనడాన్ని దుబారా అనరు. నేను మాట్లాడేది అక్కర్లేకుండా, అనుకోకుండా, ఇంటికొచ్చాక ఎందుకు కొన్నామో కూడా గుర్తు లేకుండా కొనే వాటి గురించి.

ఇప్పుడు ఆషాఢం. గాంధీ రోడ్డు మీదుగా వచ్చినవాళ్లకు తెలుసు, మైకులు హోరెత్తిపోతున్నాయి. అసలు ఈ నెలలోనే ఎందుకు తగ్గింపు? ఆషాఢంలో పెళ్లి ముహూర్తాలు ఉండవు. కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లో ఉంటారు. బట్టల షాపుల్లో బేరాలు తగ్గిపోతాయి. శ్రావణం వస్తే కొత్త సరుకు దిగాలి, దానికి అరల్లో చోటు కావాలి. కాబట్టి ఈ సేల్ షాపువాళ్ల అవసరం. అందులో తప్పేమీ లేదు, వ్యాపారం అంటే అదే. వాళ్ల అవసరం మన అవసరంగా ఎప్పుడు మారిందన్నదే చూసుకోవాలి.

'ఒకటి కొంటే రెండు ఉచితం' అని బోర్డు ఉంటుంది. మూడు చీరలు పన్నెండు వందలు అనుకుందాం. చీర నాలుగు వందలకే వచ్చేసిందని ఇంటికి ఫోన్ చేసి చెబుతాం. ఇప్పుడు కామర్స్ వాళ్లుగా లెక్క వేయండి. ఫాల్, జిగ్‌జాగ్ ఒక్కో చీరకు నూరో నూటయాభయ్యో. లైనింగ్ గుడ్డ. రవిక కుట్టు కూలీ, లైనింగ్‌తో అయితే నాలుగైదు వందల దగ్గర వేసుకోండి. మీ టైలరక్క ఇంకా ఎక్కువ తీసుకుంటే ఆ అంకే వేసుకోండి. ఉచితంగా వచ్చిన రెండు చీరలకు కూడా కుట్టుకూలీ ఉచితం కాదు కదా. పన్నెండు వందలకు వచ్చిన ఆ మూడు చీరలు కట్టుకోవడానికి సిద్ధమయ్యేసరికి ఎంత తక్కువన్నా మూడు వేలు. అందులో ఒక రవికకు మగ్గం వర్క్ చేయిద్దాం అనిపించిందా, ఇక ఆ ఒక్కటే మూడు చీరల ధరను మింగేస్తుంది. ఆ రంగుకు గాజులు లేవు. ఆ అంచుకు తగిన వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు లేదు. చెప్పులు పాతబడినట్టు కనిపిస్తాయి, నిన్నటిదాకా బాగానే ఉన్న చెప్పులే.

ఇంత కాకపోతే రెండోది జరుగుతుంది. చీర బీరువాలోకి పోతుంది, రవిక కుట్టించక అక్కడే ఉండిపోతుంది. మీ ఇళ్లలో బీరువా తెరిచి చూడండి, రవిక లేని చీరలు ఎన్ని ఉన్నాయో. సరే, అమ్మేద్దామంటే? కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి. ఒక్కసారి కట్టిన చీరకు కూడా సగం ధర ఇచ్చేవాళ్లు దొరకరు.

అందుకే నా మొదటి మాట. ట్యాగు మీద ఉన్నది చీర ధర మాత్రమే. కట్టుకునేదాకా అయ్యే ధర వేరు. చుడీదార్ మెటీరియల్‌కు కూడా ఇదే లెక్క. షాపులో నిలబడే ఆ రెండో అంకె వేయండి. చాలా చీరలు ఆ లెక్క దగ్గరే తిరిగి అరలోకి పోతాయి.

మా అవ్వల కాలంలో ఇంత దుబారా లేదని పెద్దవాళ్లు అంటుంటారు. నిజమే. కానీ అప్పటి ఆడవాళ్లకు మనసు మీద అదుపు ఎక్కువ కాబట్టి కాదు. బట్టలు సంక్రాంతికో దీపావళికో ఒకసారి. చేతిలో నోట్లు ఉంటేనే కొనుగోలు. టైలరు ఇదిగో అదిగో అని పదిహేను రోజులు తిప్పేవాడు. కోరికకూ డబ్బుకూ మధ్య ఇన్ని అడ్డంకులు ఉండేవి. ఇంకో అడ్డంకి కూడా ఉండేది, దాన్ని మాత్రం నేను తలుచుకుని మురిసిపోను. పర్సు మగవాడి జేబులో ఉండేది. రిబ్బను కొనాలన్నా అడగాలి. మీరు ఈరోజు ట్యూషన్లు చెప్పో, పార్ట్‌టైమ్ పని చేసో సంపాదించి, ఎవరినీ అడగకుండా లిప్‌స్టిక్ కొనుక్కుంటున్నారంటే నాకు సంతోషమే. ఆ పాత అడ్డంకి మళ్లీ రావాలని అనడం లేదు. మిగతావాటిని మాత్రం మనమే మళ్లీ కట్టుకోవాలి, ఎందుకంటే ఫోను వాటన్నిటినీ ఒక్కొక్కటిగా కూల్చేసింది.

యూపీఐ 2016లో వచ్చింది. ఎంత మేలు చేసిందో చెప్పక్కర్లేదు, పూలమ్మే అవ్వ దగ్గర కూడా స్కానర్ ఉంది. అయితే నోటు చేయి దాటుతుంటే కలిగే చిన్న బాధ అందులో లేదు. 2001లో ప్రెలెక్, సిమెస్టర్ అనే ఇద్దరు అమెరికా ప్రొఫెసర్లు ఒక పరీక్ష చేశారు. విద్యార్థులకు మ్యాచ్ టికెట్లు వేలం పెట్టారు. కొందరికి నగదు ఇవ్వాలన్నారు, కొందరికి క్రెడిట్ కార్డుతో కట్టాలన్నారు. అదే టికెట్‌కు కార్డువాళ్లు నగదువాళ్ల కంటే బాగా ఎక్కువ పాడారు, ఒక సందర్భంలో దాదాపు రెట్టింపు. ఆ తర్వాత మనకు యూపీఐ లైట్ కూడా వచ్చింది. చిన్న మొత్తాలకు పిన్ కొట్టే పని కూడా పోయింది. ఆ ఒక్క క్షణం ఆగడం కూడా లేకుండా పోయింది.

ఇక అప్పు. మన ఊళ్లో అప్పు మాటెత్తితే కొండమీద స్వామినే సాక్ష్యం తెస్తారు. పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడు, ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు అని. ఆయనకు హుండీ ఉంది. మనకు లేదు. క్రెడిట్ కార్డు బాకీ మీద నెలకు మూడు నుంచి మూడున్నర శాతం, కొన్నిటికి ఇంకాస్త ఎక్కువ వేస్తారు. 'ఏపీఆర్' అని, అంటే ఏడాది వడ్డీ రేటుగా రాస్తే మనకు ఎక్కదు. మన భాషలో చెప్పుకుందాం. అది నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. మీ ఇంట్లో బోరు వేయించడానికి మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు దొరుకుతుందంటే మీ నాన్న తీసుకుంటాడా? ఆ వడ్డీకి మనం ఫేస్ సీరం కొంటున్నాం. అందులోనూ 'మినిమమ్ డ్యూ', అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం, మాత్రమే కట్టేవాళ్ల బాకీ ఎన్నాళ్లైనా అసలు దగ్గరే నిలబడి ఉంటుంది.

తిరుపతి క్షవరం అనే మాట విన్నారు కదా. మన ఊరికి మంచి పేరు తెచ్చే మాట కాదు గానీ ఇక్కడ బాగా అతుకుతుంది. ఒకడి తల మీద ఒక గీత గీసి, కూర్చోమని ఇంకొకడి దగ్గరికి పోవడం. సగం గొరిగిన తలతో వాడు ఎక్కడికీ పోలేడు. షాపింగ్ యాప్‌లు చేసేది అదే. ఇంకో నూటొక్క రూపాయల సరుకు వేస్తే డెలివరీ ఉచితం అంటాయి. ఇంకా రెండే మిగిలాయి అంటాయి. గడియారం తిరుగుతుంటుంది. చివరి పేజీకి వచ్చాక ప్లాట్‌ఫామ్ ఫీజు, హ్యాండ్లింగ్ ఫీజు బయటపడతాయి. అప్పటికే సగం గొరిగించుకుని ఉంటాం.

ఇది నా అక్కసు కాదు. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరు 30న ఇలాంటి 13 రకాల ఎత్తుగడలకు 'డార్క్ ప్యాటర్న్స్' అని పేరు పెట్టి నిషేధించింది. లేని తొందర పుట్టించడం, మనం వేయని వస్తువును బుట్టలో వేయడం, వద్దంటే సిగ్గుపడేలా బటన్ మీద మాటలు రాయడం, ధరను చివరిదాకా దాచి కొంచెం కొంచెంగా పెంచడం, అన్నీ ఆ జాబితాలో ఉన్నాయి. ఎదురైతే స్క్రీన్‌షాట్ తీసి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. మీలో బలహీనత ఉందని కుంగిపోకండి. అవతల మీ చేత కొనిపించడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లు కూర్చున్నారు.

సౌందర్య సాధనాల సంగతి. షాంపూను చిన్న ప్యాకెట్లలో అమ్మే పద్ధతికి పేరు పొందినవాడు పక్కనే తమిళనాడులోని కడలూరుకు చెందిన చిన్ని కృష్ణన్. కూలి చేసుకునేవాళ్లకు కూడా షాంపూ అందింది, మంచిదే. కానీ చిన్న ప్యాకెట్ అంటే చవక అని మన మనసులో ముద్ర పడిపోయింది. ఇప్పుడు చాలా ప్యాకెట్ల మీద గ్రాముకు, మిల్లీలీటరుకు ఎంత పడుతుందో కూడా వేయాలి. ఎమ్మార్పీ పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. చిన్న సీరం సీసాలో మిల్లీలీటరు ఎంత పడుతుందో ఒకసారి చదవండి. చాలా డబ్బాల మీద మూత తెరిచిన బొమ్మ, అందులో '6ఎమ్' అనో '12ఎమ్' అనో కూడా ఉంటుంది. తెరిచాక అన్ని నెలలే వాడాలని దాని అర్థం. నాలుగు లిప్‌స్టిక్‌లు ఒకేసారి తెరిస్తే నాలుగూ పూర్తవవు. పాతది అడుగంటాకే కొత్తది అన్న ఒక్క పద్ధతి ఇక్కడ చాలు.

రంగు గురించి ఒక్క మాట. ఒక ప్రసిద్ధ క్రీము 1975లో వచ్చింది, తెల్లదనాన్ని పేరులోనే పెట్టుకుని. 2020లో ఆ పేరు తీసేశారు. నలభై అయిదేళ్లపాటు మన అమ్మలకూ అక్కలకూ నీ రంగు బాగాలేదని చెప్పి, ఆ దిగులునే ట్యూబులో పెట్టి అమ్మారు. ఇప్పుడు ఆ పని రీల్స్ చేస్తున్నాయి. డబ్బు తీసుకుని పొగిడితే ప్రకటన అని స్పష్టంగా రాయాలన్న నియమం ఉంది. వీడియో మూలన ఆ మాట ఉందా అని వెతికి చూడండి.

చిన్న చిన్న తిండ్ల మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. క్లాసయ్యాక నలుగురూ కలిసి పానీపూరీ తింటే అది దుబారా కాదు, స్నేహం. రాత్రి పదకొండింటికి హాస్టల్ సాంబారు నచ్చక ఒంటరిగా ఆర్డర్ చేసేది వేరు. ఇప్పుడు ఫోన్లు తీయండి. యూపీఐ హిస్టరీలో పోయిన నెల చూడండి. ఎంత ఖర్చయిందో కాదు, ఎన్ని గంటలకు ఖర్చయిందో చూడండి. పరీక్ష అయిన సాయంత్రమా, గొడవపడిన రాత్రా, డబ్బు పడిన రోజా? ఎవరి వేళ వాళ్లకు ఉంటుంది. నవ్వుతున్నారంటే దొరికిందన్నమాట. ఆ వేళ ఫోను పక్కగదిలో పెడితే సగం పని అయిపోతుంది.

మిగతా సగానికి మన ఇళ్లలోనే ఒక పద్ధతి ఉంది. స్వామికి ముడుపు కడతారు. పసుపు గుడ్డలో డబ్బు మూటకట్టి పటం దగ్గర పెడతారు. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ మూట మీద చేయి వేయరు. అదే ఇల్లు, అదే మనుషులు, కానీ ఆ డబ్బు మాత్రం ఖర్చుకు లేని డబ్బు. నెల మొదటి రోజే ఫీజుకో, కోచింగ్‌కో, మీకు నిజంగా కావలసిన ఒక మంచి చీరకో కొంత తీసి వేరే ఖాతాలో వేయండి. ఆ ఖాతాను యూపీఐకి కలపొద్దు, కార్డు హాస్టల్‌కు తేవొద్దు. యూపీఐ ఉన్న ఖాతాలో వారం ఖర్చు మాత్రమే ఉంచండి. యాప్‌లలో సేవ్ చేసిన కార్డులు తీసేయండి, నోటిఫికేషన్లు ఆపేయండి. నచ్చింది బుట్టలో వేసుకుని తెల్లారేదాకా ఆగండి. తెల్లారాక కూడా కావాలనిపిస్తే కొనండి, దిగులు లేకుండా కట్టుకోండి. స్నేహితురాలి పెళ్లికి మాత్రం మీ హాస్టల్లో చీరలు మార్చుకునే అలవాటు ఉందని విన్నాను. దాన్ని వదలకండి.

ఒక చీటీ వచ్చింది. పేరు లేదు. 'కార్డు బాకీ ఉంది, ఇంట్లో తెలియదు, ఒక లోన్ యాప్ నుంచి తీసి కట్టమని ఫ్రెండ్ చెప్పింది, కట్టనా?' వద్దు. ముందు ఆ కార్డు వాడటం ఈరోజే ఆపాలి. బ్యాంకుకు ఫోన్ చేసి బాకీని తక్కువ వడ్డీతో వాయిదాలుగా మార్చమని అడగాలి, చాలా బ్యాంకులు మారుస్తాయి. ఇంట్లో కనీసం ఒక్కరికి చెప్పాలి. అమ్మ కాకపోతే అక్క, అక్క కాకపోతే పిన్ని. ఇంతకుముందే ఏదైనా యాప్‌లో తీసుకుని ఉండి, వాళ్లు ఫొటోలతో బెదిరిస్తుంటే 1930కి ఫోన్ చేయాలి, అది సైబర్ నేరాల నంబరు. ఈ చీటీ రాసిన తల్లి ఎవరో నాకు చెప్పనక్కర్లేదు. నాలుగింటిదాకా కామర్స్ స్టాఫ్ రూములోనే ఉంటాను. స్టేట్‌మెంట్ తీసుకుని రా, ఇద్దరం కూర్చుని చూద్దాం.