వర్కర్ చనిపోతే పని ఏమవుతుంది?

అందరికీ నమస్కారం. ఇక్కడున్నవాళ్లలో ఎక్కువమంది జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) వాడేవాళ్లే కాబట్టి నా ఉదాహరణలన్నీ అక్కడివే.

కస్టమర్ ఆర్డర్ పెట్టాడు. ఇన్వాయిస్ తయారవ్వాలి, ఎస్సెమ్మెస్ వెళ్లాలి. అవన్నీ అయ్యేదాకా అతన్ని ఆపలేం కాబట్టి పనిని క్యూలో, అంటే వర్కర్ అనే ప్రోగ్రామ్ వెనకాల ఒక్కొక్కటీ తీసుకుని చేసే పనుల జాబితాలో పడేసి, "ఆర్డర్ అందింది" అని చూపించేస్తాం. ఇంతవరకు గొడవ లేదు. ఏ క్యూ వాడాలి అనగానే మాత్రం చర్చ సెకనుకు ఎన్ని జాబులు (క్యూలో పెట్టిన పనులు) అనే దగ్గరికి పోతుంది. రోజుకు కొన్ని వేల ఆర్డర్లు వచ్చే సైట్‌కి ఆ లెక్కతో పనేమిటో నాకు అర్థం కాదు. అడగాల్సింది వేరే ఉంది: పని సగంలో ఉండగా వర్కర్ చనిపోతే, అంటే ఆ ప్రోగ్రామ్ ఉన్నట్టుండి ఆగిపోతే, ఆ పని ఏమవుతుంది?

పైథాన్‌లో ఎక్కువమంది వాడే క్యూ లైబ్రరీ సెలెరీనే తీసుకోండి. మనం ఏమీ మార్చకపోతే, పని మొదలుపెట్టే ముందే అది బ్రోకర్‌కి (పనులు దాచి వర్కర్లకి అందించే సర్వర్) "అందింది" అని చెప్పేస్తుంది. తర్వాత మెషిన్ ఆగిపోతే పని కూడా దాంతోపాటే పోతుంది, మళ్లీ ఎవరూ ఎత్తుకోరు. యాక్స్ లేట్ సెట్టింగ్ పెడితే పని పూర్తయ్యాకే చెబుతుంది, కానీ అప్పుడు ఒకే పని రెండుసార్లు జరగొచ్చు. ఎస్సెమ్మెస్ రెండుసార్లు వెళ్తే కస్టమర్ విసుక్కుంటాడు. రీఫండ్ రెండుసార్లు వెళ్తే మనకి నిద్ర ఉండదు. అందుకే "ఇది ఇదివరకే అయిపోయిందా?" అని టాస్క్ తనంతట తాను చూసుకునేలా రాయాలి. ఏ క్యూ కొన్నా ఈ చాకిరీ తప్పదు.

బ్రోకర్‌గా రెడిస్ (మెమరీలో డేటా దాచే సర్వర్) పెట్టుకుంటే ఇంకో మెలిక ఉంది. విజిబిలిటీ టైమవుట్ డిఫాల్ట్‌గా ఒక గంట. ఆలోపు "అందింది" అనే మాట రాకపోతే పని ఇంకో వర్కర్‌కి వెళ్తుంది. "రేపు పొద్దున 9 గంటలకి రిమైండర్ పంపు" అని టాస్క్‌కి టైమ్ పెట్టి వదిలేశారనుకోండి, ఆ టైమ్ దాకా "అందింది" అనే మాట వెళ్లదు కాబట్టి గంటగంటకీ అది ఇంకో వర్కర్‌కి వెళ్తుంది, పాత వర్కర్ దగ్గరా ఉండిపోతుంది. పొద్దున ఒకే మనిషికి బోలెడు మెసేజ్‌లు! డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, చదివేది ఎవరు?

నా ఓటు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి, క్యూని కూడా అందులోనే ఒక టేబుల్‌గా పెట్టేయండి. ఎలాగూ డేటాబేస్ నడుపుతున్నారు కదా. ఆర్డర్ వరుస (టేబుల్‌లో ఒక రో), జాబ్ వరుస ఒకే ట్రాన్సాక్షన్‌లో రాస్తే, ఉంటే రెండూ ఉంటాయి, లేకపోతే రెండూ ఉండవు. రెడిస్‌తో ఈ హామీ రాదు. కమిట్ (ట్రాన్సాక్షన్ ఖాయమవడం) కాకముందే జాబ్ వెళ్లిపోతే, వర్కర్ వచ్చి లేని ఆర్డర్ కోసం వెతుకుతుంది. కమిట్ అయ్యాకే జాబ్ పంపే జాంగో ఆన్ కమిట్ వాడితే ఆ చిక్కు తీరుతుంది గానీ, కమిట్‌కీ జాబ్ పంపడానికీ మధ్య ప్రాసెస్ పోతే జాబ్ గల్లంతే.

2016లో వచ్చిన పోస్ట్‌గ్రెస్ 9.5 స్కిప్ లాక్డ్ అనే సదుపాయం తెచ్చింది. ఒక వర్కర్ పట్టుకున్న వరుసని మిగతావి దాటేసి తర్వాతది తీసుకుంటాయి, ఒకదాని కోసం ఒకటి ఆగవు. 2024లో రైల్స్ 8 (రూబీ వాళ్ల వెబ్ ఫ్రేమ్‌వర్క్) కొత్త అప్లికేషన్లకి డిఫాల్ట్ చేసిన సాలిడ్ క్యూ ఈ పద్ధతిలోనే నడుస్తుంది. పైథాన్‌లో అయితే పోస్ట్‌గ్రెస్‌నే క్యూగా వాడే ప్రొక్రాస్టినేట్ లైబ్రరీ ఉంది. జాంగో 6.0లో టాస్క్స్ వచ్చింది కదా అంటారేమో. అది ఇచ్చేది పద్ధతి మాత్రమే, ప్రొడక్షన్‌లో పని చేసే వర్కర్‌ని మనమే తెచ్చుకోవాలి.

జాబులు మరీ ఎక్కువైతే టేబుల్‌లో చచ్చిన వరుసలు (పని అయిపోయినా ఇంకా చోటు ఆక్రమించే పాత రోలు) పేరుకుంటాయి. ఎక్కడో ఒక రిపోర్ట్ క్వెరీ గంటలకొద్దీ తెరిచి ఉంటే పోస్ట్‌గ్రెస్ శుభ్రం చేసే వాక్యూమ్ వాటిని ఊడ్చలేదు, క్యూ మందగిస్తుంది. మీ గ్రాఫుల్లో అది కనిపించిన రోజు క్యూల కోసమే చేసిన బ్రోకర్ రాబిట్‌ఎంక్యూకి వెళ్లండి, నేనేం అడ్డుపడను. ఇక ప్రశ్నలు అడగండి.