మూడు వేల దగ్గర లాగే ఇంజన్

అందరికీ నమస్కారం.

ముందుగా ఈ పిస్టన్ మొదటి వరసలో కూర్చున్నవాళ్లకి ఇస్తున్నాను. చూసి, చేతులు మార్చుకుంటూ వెనక దాకా పంపండి. పైభాగం అంచు మీద వేలితో తడిమి చూడండి, చెదలు తిన్న చెక్కలా గరుగ్గా తగులుతుంది. పై రింగుకీ రెండో రింగుకీ మధ్య ఉండాల్సిన గట్టు ఒకచోట ఊడిపోయింది. అక్కడ జాగ్రత్త, వేలు కోసుకుంటుంది.

ఇది నా సొంత బండిలోది. గాలితో చల్లబడే వీ-ట్విన్ క్రూయిజర్, అంటే V ఆకారంలో రెండు సిలిండర్లున్న, తీరిగ్గా దూరాలు తిరిగే బండి. ఈ పిస్టన్ దాని వెనక సిలిండర్‌ది. పవర్ పెంచాలన్న ఆత్రంలో నేను వేయని లెక్క ఒకటి ఉంది. దాని ఫలితమే మీ చేతుల్లో ఉన్నది. ఆ లెక్క ఈ రోజు మీ ముందు వేస్తాను. దానికి ముందు, అసలు క్రూయిజర్‌లో పవర్ అంటే ఏమిటో తేల్చుకుందాం.

మనలో ఎక్కువమంది మొదట అడిగే ప్రశ్న, "ఎన్ని హార్స్‌పవర్ పెరుగుతుంది?" నా దృష్టిలో అడగాల్సింది, "ఎన్ని ఆర్‌పీఎం దగ్గర పెరుగుతుంది?" అని. క్రూయిజర్ నడిపేటప్పుడు మీటర్ ముల్లు ఎక్కడుంటుందో ఒక రోజంతా గమనించండి. రెండు వేలు, రెండున్నర, మహా అయితే మూడున్నర. ఓవర్‌టేక్ చేసేటప్పుడు కాసేపు నాలుగు దాటుతుంది. అయిదున్నర వేలకు ఎప్పుడో గానీ పోదు. ఆ బండిని తయారుచేసినవాళ్లు స్ట్రోకు, అంటే పిస్టన్ పై నుంచి కిందికి కదిలే దూరం, పొడుగు పెట్టి, ఫ్లైవీలు బరువుగా పెట్టింది అందుకే.

చిన్న లెక్క చూడండి. టార్కుని, అంటే ఇంజన్ తిప్పే బలాన్ని, న్యూటన్ మీటర్లలో తీసుకుని, ఆర్‌పీఎంతో గుణించి, 9,549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. వాటిని 1.34తో గుణిస్తే హార్స్‌పవర్. ఒక ఇంజన్ 3,000 దగ్గరా 5,500 దగ్గరా 100 న్యూటన్ మీటర్లే ఇస్తోందనుకుందాం. 3,000 దగ్గర దాదాపు 42 హార్స్‌పవర్, 5,500 దగ్గర 77. ఇప్పుడు దానికి పెద్ద క్యామ్, అంటే వాల్వులని తెరిచి మూసే ఇరుసు, వేశాం. కింద 15 న్యూటన్ మీటర్లు పోయాయి, పైన 15 వచ్చాయి. పవర్ కొలిచే డైనో మెషీన్ ఇచ్చే కాగితం మీద 77 కాస్తా 89 అవుతుంది. కాగితం ఫోటో తీసి అందరికీ చూపించుకుంటాం. కానీ రోజూ తిరిగే 3,000 దగ్గర 42 ఉన్నది 36కి పడిపోయింది. బండి మీద ఎక్కి గేరు వేయగానే తెలిసిపోతుంది. పికప్ లేదు, లాగట్లేదు, మాటిమాటికీ గేరు దించాలి. డబ్బు పెట్టి మరీ బండిని నీరసం చేసుకున్నట్టు.

పైకి రేజ్ చేసి పవర్ తీద్దామంటే క్రూయిజర్ ఒప్పుకోదు. స్ట్రోకు పొడుగు కాబట్టి పిస్టన్ ప్రతి చుట్టులో ఎక్కువ దూరం పరుగెత్తాలి. 101.6 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న ఇంజన్ 5,500 దగ్గర తిరుగుతుంటే పిస్టన్ సగటు వేగం సెకనుకు 18.6 మీటర్లు. ప్రతి చుట్టులో రెండుసార్లు పూర్తిగా ఆగి, మళ్లీ ఎత్తుకోవాలి. ఆ ఆగడంలో కనెక్టింగ్ రాడ్డు మీద పడే బలం ఆర్‌పీఎం వర్గంతో పెరుగుతుంది. 5,500 నుంచి 6,500కి పోతే వేగం పెరిగేది 18 శాతం, బలం పెరిగేది దాదాపు 40 శాతం. రాడ్డూ బేరింగులూ వాల్వు స్ప్రింగులూ అన్నీ ఆ 40 శాతాన్ని మోయాలి.

అందుకని క్రూయిజర్‌కి తిన్నని దారి సీసీ పెంచడమే. ఇదేమీ మెకానిక్కులు కనిపెట్టిన చిట్కా కాదు, కంపెనీలే చేసి చూపించాయి. హార్లే డేవిడ్‌సన్ ట్విన్ క్యామ్ 88 ఇంజన్ 1,450 సీసీ. 2007 మోడళ్లలో అదే బోరు, అంటే సిలిండర్ వ్యాసం, ఉంచి స్ట్రోకు 111.1 మిల్లీమీటర్లకు పెంచారు, అది 1,584 సీసీ అయింది.

మనలాంటివాళ్లకి బాగా తెలిసిన ఉదాహరణ స్పోర్ట్‌స్టర్. 883 సీసీ ఎవల్యూషన్ ఇంజన్ 1986లో వచ్చింది, 1200 సీసీది 1988లో. రెండింటి స్ట్రోకూ ఒకటే, 96.8 మిల్లీమీటర్లు. తేడా బోరులోనే ఉంది, 76.2 నుంచి 88.9కి. అందుకే 883ని 1200 చేయడం ప్రపంచమంతటా జరుగుతూ ఉంటుంది. సిలిండర్లూ పిస్టన్లూ మారిస్తే మూడో వంతు పైగా సీసీ పెరుగుతుంది. అడుగు నుంచి చివరిదాకా ప్రతి ఆర్‌పీఎం దగ్గరా ఆ తేడా తెలుస్తుంది. ఇంతకంటే న్యాయమైన బేరం ఇంజన్ పనిలో నాకు కనిపించలేదు.

అయితే నా పిస్టన్ విరిగింది కూడా ఇలాంటి పనిలోనే. నేను వేయని లెక్క ఇదిగో. 883లో ఒక్కో సిలిండర్ దాదాపు 441 సీసీ. కంప్రెషన్, అంటే సిలిండర్‌లోకి వచ్చిన పెట్రోలు, గాలి మిక్స్చర్‌ని పిస్టన్ ఎన్ని రెట్లు నొక్కుతుందో, అది 9కి 1 అనుకుందాం. అంటే పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక హెడ్డులో మిగిలే ఖాళీ 55 సీసీ. ఇప్పుడు బోరు పెంచాం, సిలిండర్ 601 సీసీ అయింది. హెడ్డు పాతదే, ఖాళీ 55 సీసీయే. 601కి 55 కలిపి, 55తో భాగించండి. దాదాపు 12కి 1! గాలితో చల్లబడే ఇంజన్‌కి, బంకులో దొరికే మామూలు పెట్రోలుకి, అది మోయలేని బరువు. పదికి ఒకటి దగ్గర ఆపాలంటే ఖాళీ 67 సీసీ కావాలి. అంటే పిస్టన్ తల మీద 12 సీసీ పట్టే గుంట ఉండాలి, లేకపోతే హెడ్డులోనే ఆ చోటు చేయాలి. నేను చదును తల పిస్టన్ తెచ్చి, పాత హెడ్డు కింద బిగించేశాను.

బండి మొదట్లో అద్భుతంగా లాగింది. అదే నన్ను మోసం చేసింది. ఒక మధ్యాహ్నం మంచి ఎండలో, టాప్ గేరులో ఎత్తెక్కుతూ, ముల్లు రెండు వేల దగ్గర ఉండగా యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాను. రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు. నాకింగ్. సైలెన్సర్ మోతలో లీలగా వినిపించింది. వాల్వుల చప్పుడేమో అనుకుని వారం తిరిగాను. ఆ వారంలో జరిగిందే మీరు చూస్తున్నారు.

నాకింగ్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాను. ప్లగ్గు దగ్గర మొదలైన మంట వరసగా పాకుతూ రావాలి. వేడి, ఒత్తిడి మరీ ఎక్కువైతే ఆ మంట చేరకముందే మూలల్లో మిగిలిన మిక్స్చర్ తనంతట తనే ఒక్కసారిగా అంటుకుంటుంది. సుత్తితో కొట్టినట్టు ఒత్తిడి తరంగాలు పిస్టన్‌ని బాదుతాయి. వీ-ట్విన్‌లో వెనక సిలిండర్‌కి గాలి సరిగ్గా తగలదు, ముందు సిలిండర్ చాటున ఉంటుంది. అందుకే చాలాసార్లు అదే ముందు పోతుంది. ప్లగ్గు విప్పి భూతద్దంతో పింగాణీ మీద చూడండి. మిరియపు పొడి చల్లినట్టు నల్లటి చుక్కలో, సన్నటి వెండి రంగు చుక్కలో కనిపిస్తే బండి అక్కడే ఆపేయండి. ఆ వెండి చుక్కలు మీ పిస్టన్ అల్యూమినియం. 2016లో వచ్చిన మిల్వాకీ-ఎయిట్ ఇంజన్లలో నాకింగ్‌ని పసిగట్టే సెన్సార్ ఉంది, అది చెప్పగానే ఇంజన్ తన టైమింగ్‌ని, అంటే ప్లగ్గు మంట పెట్టే క్షణాన్ని, తనే వెనక్కి తీస్తుంది. పాత ఇంజన్లకు మన చెవే సెన్సార్.

ఇక క్యామ్. ఇక్కడ ఒక్క విషయం పట్టుకుంటే చాలు. మిక్స్చర్‌ని లోపలికి రానిచ్చే ఇన్‌టేక్ వాల్వు పిస్టన్ అడుగుకి చేరగానే మూసుకోదు, పిస్టన్ పైకి రావడం మొదలెట్టాక కాసేపటికి మూసుకుంటుంది. ఎక్కువ ఆర్‌పీఎంలో లోపలికి దూసుకొచ్చే గాలికి వేగం ఉంటుంది కాబట్టి, పిస్టన్ ఎదురొస్తున్నా గాలి వస్తూనే ఉంటుంది. తక్కువ ఆర్‌పీఎంలో ఆ వేగం లేదు, పిస్టన్ మిక్స్చర్‌ని వచ్చిన దారినే వెనక్కి నెట్టేస్తుంది. వాల్వు ఎంత ఆలస్యంగా మూసుకుంటే పైన అంత లాభం, కింద అంత నష్టం. క్యామ్ కొనేటప్పుడు లిఫ్ట్ ఎంత, అంటే వాల్వు ఎంత మేర తెరుచుకుంటుంది అని మాత్రమే అడుగుతారు. ఇన్‌టేక్ ఎప్పుడు మూసుకుంటుంది అని అడిగేవాళ్లు తక్కువ. మీరు అది అడగండి. కంప్రెషన్ తక్కువ ఉన్న ఇంజన్‌కి ఆలస్యంగా మూసే క్యామ్ వేస్తే బండి చచ్చినట్టు ఉంటుంది. ఎక్కువ కంప్రెషన్‌కి మరీ తొందరగా మూసే క్యామ్ వేస్తే నాకింగ్ మొదలవుతుంది. ఈ రెండూ జంటగా ఎంచుకోవాల్సినవి.

క్యామ్ మార్చాక వాల్వుకీ పిస్టన్‌కీ మధ్య ఎడం కొలవకుండా సెల్ఫ్ కొట్టొద్దు. పిల్లలు బొమ్మలు చేసుకునే బంకమట్టి చాలు. పిస్టన్ తల మీద పలచగా అద్ది, కాస్త నూనె రాసి, హెడ్డు బిగించి, ఇంజన్‌ని చేత్తో నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. ఎక్కడైనా గట్టిగా తగిలితే ఆపేయాలి, బలవంతం చేయకూడదు. హెడ్డు విప్పితే మట్టిలో వాల్వుల అచ్చులు పడి ఉంటాయి. బ్లేడుతో కోసి, అన్నిటికన్నా పలచగా ఉన్నచోట కొలవండి. ఇన్‌టేక్ దగ్గర ఒకటిన్నర మిల్లీమీటరుకీ, ఎగ్జాస్ట్ దగ్గర రెండు మిల్లీమీటర్లకీ తగ్గితే నేను ముందుకు వెళ్లను. క్యామ్ తయారుచేసినవాళ్లు ఇంకా ఎక్కువ కావాలంటే వాళ్ల మాటే లెక్క.

సైలెన్సర్ గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మోత పవర్ కాదు. 45 డిగ్రీల వీ-ట్విన్‌లో రెండు కనెక్టింగ్ రాడ్లూ క్రాంకు మీద ఒకే పిన్నుకి ఉంటాయి కాబట్టి పేలుళ్ల మధ్య ఎడం ఒకసారి 315 డిగ్రీలు, ఇంకోసారి 405. మనం ప్రేమించే ఆ తడబడే లయ అక్కడిదే, సైలెన్సర్ పీకేస్తే వచ్చేది కాదు. లోపల ఏమీ లేని ఖాళీ గొట్టాలు పెడితే వాటి కొన నుంచి వెనక్కి తిరిగొచ్చే తరంగాలు కొన్ని ఆర్‌పీఎంల దగ్గర పొగని మళ్లీ సిలిండర్‌లోకి తోస్తాయి. సరిగ్గా మనకు కావాల్సిన రెండున్నర, మూడు వేల దగ్గరే టార్కు పడిపోవడం చాలా బండ్లలో చూశాను. రెండు గొట్టాలు కలిసి ఒకటయ్యే ఎగ్జాస్ట్ క్రూయిజర్‌కి మేలు. పక్కింటివాళ్లకీ మేలే, చట్టానికీ ఇబ్బంది ఉండదు.

ఫిల్టరో సైలెన్సరో మార్చి మిక్స్చర్ సరిచేయకపోతే ఇంజన్ లీన్ అవుతుంది, అంటే గాలికి తగ్గ పెట్రోలు అందదు, వేడెక్కుతుంది. పెట్రోలు పూర్తిగా కాలడానికి 1 వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలి, బరువులో. పూర్తి లోడు మీద పవర్ కోసం, చల్లదనం కోసం 12.5 నుంచి 13 మధ్య ఉంచుతాం. దానికి కార్బురేటర్ అయితే పెట్రోలు వదిలే జెట్లు మార్చాలి, ఇంజెక్షన్ అయితే ఎంత పెట్రోలు వదలాలో చెప్పే మ్యాపు. రెండు సిలిండర్లనీ వేరువేరుగా, పొగలోంచి ఈ గాలి, పెట్రోలు పాళ్లు చెప్పే వైడ్‌బ్యాండ్ మీటర్ పెట్టి చూడండి. డైనో మీద ముందొకసారి, పని అయ్యాక ఒకసారి, అదే మెషీన్ మీద ఎక్కించండి. కాగితంలో శిఖరం చూడకండి, మూడు వేల దగ్గర గీత చూడండి.

క్లచ్ స్ప్రింగులు, బ్రేకులు, టైర్లు గురించి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. పెరిగిన టార్కుకి తగ్గట్టు అవీ ఉండాలి.

నా ఇంజన్‌లో తర్వాత గుంట పిస్టన్లు వేసి, పెద్ద క్యామ్ పక్కన పెట్టి, కంపెనీ క్యామ్‌కి ఒక మెట్టు పైది మాత్రమే వేశాను. డైనో అంకె నేను మొదట కలగన్నదానికి చాలా తక్కువే వచ్చింది. కానీ అదే ఎత్తు, అదే టాప్ గేరు, రెండున్నర వేల దగ్గర యాక్సిలరేటర్ తిప్పితే బండి తాడు కట్టి పైకి లాగినట్టు వెళ్లింది. గోళీల చప్పుడు కోసం చెవులు రిక్కించి ఉన్నాను. వినబడలేదు.

పిస్టన్ చివరి వరస దాకా చేరినట్టుంది. అటు బల్ల మీద హెడ్డు విప్పిన ఇంజన్ ఒకటి పెట్టాం, పక్కనే బంకమట్టి, బ్లేడు, కొలత కాలిపర్ ఉన్నాయి. రండి, చేత్తో తిప్పి కొలుద్దాం. మొదటి చుట్టు మీలో ఎవరైనా తిప్పండి.