లోపావడా ఉతికిందెవరు?

సభకు నమస్కారం.

ఇంగ్లీషులో పేరుపొందిన పాత నవలల ఆధారంగా ఈ కాలపు రచయితలు రాసిన నవలలు మనకిచ్చే ఆనందం ఎటువంటిదో, రెండు మూడు పుస్తకాలను ముందు పెట్టుకుని మాట్లాడతాను.

1813లో వెలువడిన జేన్ ఆస్టెన్ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లో, వేరొకరి ఇంట్లో జబ్బుపడిన అక్కను చూడడానికి కథానాయిక ఎలిజబెత్ బెన్నెట్ మూడు మైళ్లు బురదదారిలో నడిచి వెళ్తుంది. ఆమె లోపావడాకు ఆరంగుళాల మేర బురద అంటిందని ఆ ఇంటి ఆడవాళ్లు ఎద్దేవా చేస్తారు. నడకతో ఆమె కళ్లు మరింత మెరిశాయని కథానాయకుడు డార్సీ అంటాడు. మనమూ డార్సీ పక్షం చేరి పేజీ తిప్పేస్తాం. ఆ లోపావడా ఉతికిందెవరు? అదే కథను ఎలిజబెత్ ఇంటి పనివాళ్ల వైపు నుంచి చెప్పే జో బేకర్ ‘లాంగ్‌బోర్న్’ (2013) చాకిరేవు రోజుతోనే మొదలవుతుంది. చలికి పగిలి పుండ్లుపడ్డ చేతులతో బెన్నెట్ల బట్టలుతికే పనిపిల్ల సారా, తన బట్టలు తానే ఉతుక్కోవలసి వస్తే ఎలిజబెత్ కాస్త చూసుకుని నడిచేది కదా అనుకుంటుంది. ఎడతెగని వానల్లో, నాట్యానికి తొడుక్కునే జోళ్ల మీది అలంకారపు పూలను కూడా ఇంకొకరి చేత తెప్పించుకోవలసి వచ్చిందని ఆస్టెన్ ఒక్క ముక్కలో చెప్పి సాగిపోతుంది. ఆ ‘ఇంకొకరు’ తడుస్తూ నడిచిన దారి బేకర్ నవలలో ఉంది. రామాయణంలో మాట కూడా దక్కని ఊర్మిళ కోసం పాట కట్టుకున్న తెలుగు ఆడవాళ్లకు ఈ చూపు కొత్తదేమీ కాదు.

మూలం చదవనివారినీ పట్టి నిలపగలిగినదే నా దృష్టిలో మంచి నవల. బార్బరా కింగ్‌సాల్వర్ ‘డీమన్ కాపర్‌హెడ్’ (2022) అలాంటిది. డికెన్స్ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’లోని అనాథ బాలుణ్ణి ఆమె నొప్పిమాత్రల వ్యసనం కమ్ముకున్న అమెరికాలోని వర్జీనియా కొండల్లోకి తెచ్చింది.

కానీ నేను మళ్లీ మళ్లీ చదువుకునేది, డొమినికా దీవిలో పుట్టిన జీన్ రీస్ 1966లో ప్రచురించిన ‘వైడ్ సర్గాసో సీ’. షార్లెట్ బ్రాంటీ ‘జేన్ ఐర్’ (1847)లో పిచ్చిదని భర్త పైఅంతస్తులో బంధించి దాచిన బెర్తా నవ్వు వినిపిస్తుంది, గుర్రుమనడం వినిపిస్తుంది. ఆమె తన కథ తాను చెప్పుకోవడం మాత్రం ఎక్కడా వినిపించదు. రీస్ ఆమెకు జమైకాలో ఒక బాల్యాన్నీ, ఆంటోయ్‌నెట్ అనే పేరునూ ఇచ్చింది. పెళ్లాడిన ఇంగ్లీషువాడు బెర్తా అని పిలవడం మొదలుపెడితే, అది నా పేరు కాదని ఆమె అంటుంది. చివరి పేజీలో కొవ్వొత్తి పట్టుకుని చీకటి నడవాలోకి వస్తుంది. గాలికి రెపరెపలాడిన మంటకు చెయ్యి అడ్డుపెడుతుంది. రీస్ అక్కడే ఆపేసింది. ఇల్లు తగలబడడం ఆమె రాయలేదు; అది బ్రాంటీ నూట పందొమ్మిదేళ్ల ముందే రాసిపెట్టింది.