లోపలి వేడి ఎంతో నీళ్ళే చెప్తాయి

అందరికీ నమస్కారం. కనిగిరి వైపు పిల్లలకి ఫ్లోరైడ్ గురించి నేను కొత్తగా చెప్పేదేముంది, బోరు నీళ్ళ టెస్ట్ రిపోర్ట్ చూస్తూ పెరిగినోళ్ళు మీరు. ఆ ఫ్లోరైడ్ రాళ్ళల్లోంచి కరిగి వచ్చిందే, అంటే నీళ్ళు లోపల ఏ రాయితో కలిసి ఉన్నాయో రిపోర్ట్‌లో తెలిసిపోద్ది. జియోథర్మల్ కరెంట్, అంటే భూమి లోపలి వేడితో తీసే కరెంట్ కోసం వెతికే వాళ్ళు కూడా ఇట్టాగే నీళ్ళనే చదువుతారు, వాళ్ళకి కావాల్సింది లోపల ఎంత వేడి ఉందో.

పైకొచ్చిన ఊట ఎంత వేడిగా ఉందని చూస్తే సరిపోదు. లడఖ్‌లో పుగా అని వేడి ఊటల లోయ ఉంది చూడండి, అంత ఎత్తులో నీళ్ళు 85 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, ఊట అంతకు మించి వేడెక్కలేదు, మరి కింద ఎంతుందో ఎట్టా తెలుస్తుంది? నీళ్ళల్లో కరిగిన సిలికా చూస్తాం, ఇసుకలో ఉండేదే అది, రాళ్ళల్లో క్వార్ట్జ్ అనే ఖనిజంగా ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ క్వార్ట్జ్ ఎక్కువ కరుగుద్ది, పైకొచ్చేటప్పుడు నీళ్ళు చల్లారినా సిలికా అంత తొందరగా విడిపోదు. లీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటే క్వార్ట్జ్ లెక్కలో సుమారు 137 డిగ్రీలు, అదే చాల్సెడొనీ, అంటే సన్నటి గింజలుండే ఇంకో రకం సిలికా, దాని లెక్కలో 110. ఒకే నీళ్ళు, 27 డిగ్రీల తేడా! అందుకే అక్కడి రాయి తెలీకుండా ఫార్ములా వాడొద్దు అని నేను గట్టిగా చెప్తాను.

ఇంకోటి, దార్లో చల్ల నీళ్ళు కలిస్తే సిలికా పల్చబడి వేడి తక్కువ చూపిస్తుంది. అప్పుడు సోడియం, పొటాషియం నిష్పత్తి చూడాలి, చల్ల నీళ్ళల్లో ఆ రెండూ తక్కువే కాబట్టి అది పెద్దగా మారదు. మెగ్నీషియం ఎక్కువుంటే మాత్రం అనుమానించాల్సిందే, బాగా వేడి రాళ్ళల్లో అది నీళ్ళల్లో మిగలదు, ఖనిజాల్లోకి పోద్ది. సోడియం, పొటాషియం, మెగ్నీషియం మూడింటినీ కలిపి గిగెన్‌బాక్ అనే శాస్త్రవేత్త 1988లో ఒక త్రిభుజం చార్ట్ ఇచ్చాడు, ఏ శాంపిల్‌ని నమ్మొచ్చో దాంట్లో పెడితే తేలిపోద్ది.

శాంపిల్ పట్టేటప్పుడు చాలా జాగ్రత్త. గాజు సీసా వద్దు, దాన్నుంచే సిలికా దిగుద్ది, ప్లాస్టిక్‌దే తీసుకోండి. నీళ్ళు ఫిల్టర్ చేసి, ఒక వంతుకి తొమ్మిది వంతుల డిస్టిల్డ్ వాటర్ అక్కడికక్కడే కలపాలి, లేదంటే చల్లారాక సిలికా గడ్డకట్టి లెక్క తప్పుద్ది. సోడియం, పొటాషియం కోసం ఇంకో బాటిల్‌లో కాస్త నైట్రిక్ యాసిడ్ వెయ్యాలి. పీహెచ్, టెంపరేచర్ మాత్రం ఊట దగ్గరే తీయాలి, ల్యాబ్‌కి తెచ్చాక తీస్తే దండగే.

మన తెలుగు నేల మీద దీన్ని చూడాలంటే మణుగూరు వెళ్ళండి, గోదావరి లోయలో, పగిడేరు దగ్గర బోరులోంచి వేడి నీళ్ళు వస్తున్నాయి, సింగరేణి వాళ్ళు 20 కిలోవాట్ల పైలట్ ప్లాంట్ పెట్టారు. వెళ్ళేవాళ్ళు బాటిళ్ళు, థర్మామీటర్ తీసుకెళ్ళండి.