పెండ్లి పనికి ఏ కెమెరా? సోనీ, క్యానన్, నికాన్ ఒకే పందిట్లో

[తెర మీద: పుస్తె కడుతున్న చేతుల ఫోటో. ఫోటో నిండా అడ్డంగా నల్లటి చారలు.]

నమస్తే. ఈ ఫోటో ఒకసారి జాగ్రత్తగా చూడండి. పెండ్లికొడుకు చేతులు, పసుపుతాడు, పెండ్లికూతురు వంచిన మెడ, ఫోకస్, అన్నీ కుదిరాయి. కానీ పైనుంచి కింది దాకా చారలు పడ్డాయి. మూడేళ్ల కింద హన్మకొండలో ఒక ఫంక్షన్ హాల్లో నేను తీసిన ఫోటో ఇది. పంతులు గారు మంత్రాలు చదువుతున్నారు, షట్టర్ చప్పుడు ఎందుకని సైలెంట్ మోడ్ పెట్టాను. ఆల్బమ్ సెలక్షన్‌కు కూర్చున్నప్పుడు పెండ్లికూతురి తల్లి ఈ ఫోటో దగ్గరే ఆగిపోయింది. "ఇట్లాంటిదే మంచిది ఇంకొకటి లేదా బిడ్డా?" అని అడిగింది. లేదు.

అప్పటినుంచి ఎవరు "అన్నా, ఏ కెమెరా బాడీ కొనాలె?" అని అడిగినా మొదట ఈ చారల గురించే చెప్తున్నా.

[తెర మీద: మూడు కెమెరాలు పక్కపక్కన]

ఇవాళ మూడు కెమెరాలు చూద్దాం. సోనీ ఏ7 ఫోర్, 2021లో వచ్చింది. క్యానన్ ఆర్6 మార్క్ టూ, 2022. నికాన్ జెడ్6 త్రీ, 2024. మూడూ ఫుల్ ఫ్రేమే, అంటే లోపల కాంతిని పట్టే సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 ఎత్తు. వీటికి పై మెట్టు కెమెరాలు కూడా ఉన్నాయి. కానీ వరంగల్, కరీంనగర్ వైపు పెండ్లిళ్లు చేసేవాళ్లు కిస్తీలు కట్టి కొనేది ఎక్కువగా ఈ తరగతివే.

మెగాపిక్సెళ్ల సంగతి ముందే తేల్చేద్దాం. సోనీ 33, మిగతా రెండూ 24 చిల్లర. మన పెండ్లి ఆల్బమ్ షీట్ 12 ఇంటు 36 అంగుళాలు. అందులో ఒక పేజీ 12 ఇంటు 18. అంగుళానికి 300 చుక్కల చొప్పున ప్రింట్ చేస్తే 3600 ఇంటు 5400 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెళ్ల ఫోటోలో 4000 ఇంటు 6000 ఉంటాయి. సరిపోయి ఇంకా మిగులుతాయి. బాగా క్రాప్ చేసే అలవాటున్న వాళ్లకు సోనీ కలిసొస్తుంది, అంతవరకే.

[తెర మీద: సెన్సర్ వరుసలు పైనుంచి కిందికి నిండుతున్న బొమ్మ]

ఇప్పుడు చారలు. మన కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద వెలిగే చాలా లైట్లు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి. మన కంటికి అది తెలియదు. సైలెంట్ మోడ్‌లో సెన్సర్ బొమ్మనంతా ఒక్కసారే తీసుకోదు, పై వరుస నుంచి కింది వరుస దాకా చదువుకుంటూ వస్తుంది. లైటు పెరిగినప్పుడు చదివిన వరుసలు తెల్లగా, తగ్గినప్పుడు చదివినవి నల్లగా పడతాయి. ఆ ఫోటోలో మీరు చూసిన చారలు అవే.

సోనీ ఏ7 ఫోర్ ఈ చదవడంలో నిదానం. సుమారుగా సెకనులో 15వ వంతు పడుతుంది. ఆ లోపల లైటు ఆరుసార్లకు పైగా ఊగుతుంది, చారలూ అన్నే వస్తాయి. క్యానన్, నికాన్ చాలా వేగం. నికాన్‌లో ఉన్నది పార్షియల్లీ స్టాక్డ్ సెన్సర్, అంటే డేటాను త్వరగా బయటికి లాగే సర్క్యూట్లు సెన్సర్ పైనా కిందా పేర్చి ఉంటాయి. దీనికి ప్రతిఫలంగా, తక్కువ ఐఎస్ఓలో, అంటే కాంతికి స్పందన తగ్గించే సెట్టింగులో, తీసిన ఫోటో నీడల్ని ఎడిటింగ్‌లో బాగా పైకి లాగితే గరుకు చుక్కలు (గ్రెయిన్) కొంచెం ఎక్కువ కనిపిస్తాయి. పెండ్లి పనిలో నాకది అడ్డం రాలేదు. అయితే ఎంత వేగమైనా ఈ రెండింటిలోనూ చారలు పూర్తిగా పోవు. సెన్సర్ మొత్తాన్ని ఒకే క్షణంలో చదివే కెమెరా సోనీ ఏ9 త్రీ, దాని ధర మన లెక్కకు అందదు.

అందుకే మంటపంలో మూడింట్లో ఏదైనా సరే మెకానికల్ షట్టర్, అంటే చప్పుడు చేసే మామూలు షట్టర్, పెట్టండి. సన్నాయి, డోలు మోగుతుంటే ఆ చప్పుడు ఎవరికీ వినపడదు. షట్టర్ స్పీడ్ 1/100 (సెకనులో వందో వంతు) దగ్గర ఉంచితే లైటు ఊపు ఒకటి పూర్తిగా అందులో ఇమిడిపోతుంది. వీడియోకైతే మెనూలో పాల్ (PAL, 50 హెర్ట్జ్ కరెంటుకు సరిపోయే వీడియో పద్ధతి) ఎంచుకుని సెకనుకు 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ 1/50 లేదా 1/100. ఎవరో విదేశీ వీడియోలో చెప్పారని 24, 30 పెట్టుకున్న కెమెరాలు మన దగ్గర చాలా చూస్తున్నా, ఫుటేజీ అంతా మినుకుమినుకుమంటుంది. స్టేజీ వెనక ఎల్ఈడీ గోడ ఉంటే దాని ఊపు వేరే లెక్క. ఈ మినుకును (ఫ్లికర్) తగ్గించే సెట్టింగ్ మూడింటిలోనూ ఉంది, ముహూర్తానికి గంట ముందే వెళ్లి సరిచూసుకోండి.

[తెర మీద: ఊళ్లో ఇంటి ముందు పందిరి, నిండా జనం]

వీడియో అంటే ఇంకో ఇబ్బంది ఉంది. 4కెలో సెకనుకు 60 ఫ్రేములు పెడితే సోనీ ఏ7 ఫోర్ సెన్సర్ మధ్య భాగాన్నే వాడుతుంది. 24 ఎంఎం లెన్స్ 36 ఎంఎం లాగా అయిపోతుంది. పెద్ద హాల్లో సర్దుకోవచ్చు. పరకాల దగ్గర ఒక ఊళ్లో ఇంటి ముందే పందిరి వేశారు. వెనక గోడకు ఆనుకుని నిలబడ్డా అమ్మాయీ అబ్బాయీ మాత్రమే వచ్చారు, కాళ్లు కడుగుతున్న తల్లిదండ్రులు ఫ్రేములోకి రాలేదు. క్యానన్, నికాన్ 60 ఫ్రేముల్లోనూ పూర్తి వెడల్పు ఇస్తాయి. వీడియో ప్రధానంగా చేసేవాళ్లకు ఈ ఒక్కటి చాలు, సోనీని పక్కన పెట్టడానికి.

ఫోకస్‌లో మూడూ గట్టివే, కన్ను పట్టుకుంటే వదలవు. తలంబ్రాల దగ్గర మాత్రం గింజలు మొహానికి అడ్డంగా ఎగురుతుంటే ఫోకస్ వాటి మీదికి దూకుతుంది. ట్రాకింగ్ సెన్సిటివిటీ (అడ్డొచ్చిన దాని మీదికి ఫోకస్ ఎంత త్వరగా మారాలో చెప్పే సెట్టింగ్) తగ్గించుకుంటే మొహాన్నే పట్టుకుని ఉంటుంది.

[తెర మీద: సద్దుల బతుకమ్మ ఫోటో, పక్కన రంగుల హిస్టోగ్రామ్]

రంగుల మాటకొస్తే, పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ నాడు మూడింటితో ఒకే బతుకమ్మను తీశాం. తంగేడు పసుపు బాగానే వచ్చింది. రంగు అద్దిన గునుగు, ఎర్ర బంతి దగ్గర మూడూ తడబడ్డాయి. పువ్వు రేకులు కనిపించకుండా ఎర్రటి ముద్దలాగా అయిపోయింది. ఫోటోలో వెలుగు ఎంతుందో చూపే మామూలు హిస్టోగ్రామ్ గ్రాఫు అంతా బాగుందనే చూపిస్తుంది, ఎరుపు ఒక్కటే విడిగా అంచు దాటిపోతుంది. ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా చూపేది) పెట్టుకుని ఎక్స్‌పోజర్ మూడింట రెండు వంతుల స్టాప్ (ఒక స్టాప్ తగ్గితే కాంతి సగమవుతుంది) తగ్గిస్తే రేకులు తిరిగొచ్చాయి. చర్మం రంగు కెమెరాలోంచి నేరుగా ఇచ్చేటప్పుడు నాకు క్యానన్ నచ్చుతుంది. రా ఫైలు, అంటే కెమెరా రంగులు దిద్దని ముడి ఫైలు, ఎడిట్ చేసేవాళ్లు ఆ తేడాను పట్టించుకోనక్కర్లేదు.

కార్డులు. మూడింటికీ రెండు స్లాట్లు ఉన్నాయి, రెండింట్లోనూ ఒకేసారి రాసేలా పెట్టండి. ఇందులో బేరం లేదు. క్యానన్‌లో రెండూ మామూలు ఎస్‌డీ కార్డులే. సోనీలోనూ రెండూ ఎస్‌డీతో నడుస్తాయి. నికాన్‌లో ఒకటి సీఎఫ్ఎక్స్‌ప్రెస్ టైప్ బి అనే వేరే రకం కార్డు, ధర ఎక్కువ, రాత్రి పదింటికి ఊళ్లో దొరకదు. బ్యాటరీ కూడా నికాన్‌ది త్వరగా అయిపోతుంది. కంపెనీ లెక్కల్లో, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్‌తో ఒక చార్జికి సోనీ 520 ఫోటోలు, నికాన్ 360. నికాన్ తీసుకుంటే నాలుగు బ్యాటరీలు పెట్టుకోండి. అదే నికాన్ వ్యూఫైండర్ మాత్రం మూడింట్లో స్పష్టమైనది, 57 లక్షల చుక్కలకు పైనే. మేడారం జాతరలో మధ్యాహ్నం ఎండకు ఫోటో తీస్తే దాని విలువ తెలుస్తుంది.

లెన్సుల్లో సోనీదే పైచేయి. వేరే కంపెనీలైన సిగ్మా, టామ్రాన్ లెన్సులు తక్కువ ధరలో బోలెడున్నాయి, పక్క స్టూడియో అన్న దగ్గర అడిగినా దొరుకుతాయి. నికాన్‌కు టామ్రాన్‌వి కొన్ని ఉన్నాయి. క్యానన్ ఫుల్ ఫ్రేమ్‌కు ఆటోఫోకస్ లెన్సు కావాలంటే దాదాపుగా క్యానన్‌దే కొనాలి. క్యానన్ పాత కెమెరాలకు వచ్చిన ఈఎఫ్ లెన్సులు ఇంట్లో ఉన్నవాళ్లకు అడాప్టర్ వేస్తే అవి చక్కగా పనిచేస్తాయి, వాళ్లు కళ్లు మూసుకుని క్యానన్‌కు వెళ్లొచ్చు.

నేనైతే కొత్తగా మొదలుపెట్టి ఫోటోలు ఎక్కువ చేసే తమ్ముడికి సోనీ చెప్తా, లెన్సుల కోసం. ఫోటో, వీడియో రెండు పనులూ ఒకే బాడీతో చేసేవాళ్లకు క్యానన్. ప్రస్తుతం నా చేతిలో ఉన్నది అదే.

[తెర మీద: బరాత్, డీజే బండి మీద లేజర్ లైట్లు]

ఏది కొన్నా బరాత్‌లో ఒక్కటి గుర్తుంచుకోండి. డీజే లేజర్ నేరుగా లెన్సులోకి పడితే సెన్సర్ మీద గీతలు, చుక్కలు శాశ్వతంగా ఉండిపోవచ్చు. పాత కెమెరాల్లో లాగా వీటిలో సెన్సర్ ముందు అద్దం లేదు, బాడీ ఆన్‌లో ఉన్నంతసేపూ సెన్సర్ తెరుచుకునే ఉంటుంది. లేజర్ మీ వైపు తిరిగితే కెమెరా కిందికి దించండి, లేదా బండికి వీపు పెట్టి డ్యాన్స్ చేస్తున్న మొహాలు తీయండి.