చలికాలం పొద్దుట సముద్రాన్ని నమ్మకండి

అందరికీ నమస్కారం. ముందు వరసలో కళింగపట్నం పెద్దలున్నారు. ఊహ తెలిసినప్పటి నుంచీ తెప్ప ఎక్కినవాళ్లు. నేను కయాక్, అంటే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, ఎక్కి నాలుగేళ్లు. కాబట్టి నా మాటలు వెనకున్న కుర్రాళ్లకే.

'కెరటాలు తక్కువున్నప్పుడు వెళ్తే చాలు కదా?' అని అడుగుతారు. చాలదు. చలికాలం తెల్లవారుజామున నేల చల్లబడి, గాలి ఒడ్డు నుంచి సముద్రం మీదికి తోలుతుంది. ఒడ్డు దగ్గర నీళ్లు నున్నగా ఉంటాయి, ఫొటోలు బ్రహ్మాండంగా వస్తాయి. తెడ్డు వేస్తుంటే కయాక్ దూసుకుపోతుంది. ఆ బలం మీది కాదు, గాలిది. వెనక్కి తిప్పాక తెలుస్తుంది.

నాకూ అలాగే తెలిసింది. మొదటి ఏడాది, లైట్‌హౌస్ అగ్గిపుల్లంత కనబడే దూరం పోయాను. ఎంతసేపు తెడ్డు వేసినా అగ్గిపుల్ల పెద్దది కాలేదు. భుజాలు పట్టేశాయి. టెన్షన్‌లో మెడలో విజిల్ ఉందన్న సంగతే మరిచిపోయాను. వేటలో ఉన్న బోటువాళ్లు చూసి, వల నీళ్లలోనే వదిలేసి వచ్చారు. తాడు విసిరిన పెద్దాయన తిట్టలేదు. 'ఏటి బావూ, గాలి ఎటు తోల్తందో సూసుకోవా?' అన్నాడు, అంతే. ఆ పూట వాళ్ల వేట పోయింది. డీజిల్ డబ్బులిస్తే తీసుకోలేదు. నా సరదా ఖర్చు వాళ్లు పెట్టుకున్నారు.

వంశధార మొగ దగ్గర, అంటే ఏరు సముద్రంలో కలిసేచోట, ఇంకా జాగ్రత్త. పోటు తీసే వేళ ఏటి నీళ్లు బయటికి, కెరటాలు లోపలికి. రెండూ కొట్టుకున్నచోట కెరటం నిటారుగా లేస్తుంది. ఇసుక మేటలు జరుగుతూనే ఉంటాయి, నిరుడు వెళ్లిన దారి ఈ ఏడు ఉండదు. వేటకెళ్లేవాళ్లను అడగందే దిగొద్దు.

సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ కెరటాల ఎత్తు, గాలి దిశ ముందే చెబుతుంది. ఫోన్లో కోస్ట్ గార్డ్ నంబరు 1554 పెట్టుకోండి. బోల్తా పడితే మాత్రం కయాక్‌ని వదిలి ఈదొద్దు. వెతికేవాళ్లకి నీళ్లలో తల కనబడదు, కయాక్ కనబడుతుంది.

కయాక్‌లు అద్దెకిచ్చే తమ్ముళ్లూ, ఎవరు ఎన్నింటికి దిగారో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. అది కూడా లేకపోతే మనిషి రాలేదన్న సంగతి ఎవరికి తెలుస్తుంది?

లైఫ్ జాకెట్లు తెచ్చాం, జతలుగా నిలబడండి. బెల్టులు బిగించాక పక్కవాణ్ని జాకెట్ భుజాలు పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి చెవుల దాకా వచ్చిందంటే వదులుగా ఉన్నట్టే. నేనూ ఒక్కొక్కరిదీ లాగి చూస్తాను.