గర్భసంచి తీయించుకునే ముందు

(టంగుటూరులో డ్వాక్రా సంఘాల మహిళల సమావేశంలో ఒక గైనకాలజిస్ట్ చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకీ, అక్కచెల్లెళ్లకీ నమస్కారం. పొగాకు పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో ఒక పూట కూలి మానుకుని వచ్చారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను. ముప్ఫై అయిదేళ్లు నిండకుండానే గర్భసంచి తీయించుకున్నవాళ్లు మీలో ఉన్నారని నాకు తెలుసు. చేతులెత్తమని అడగను, మీరు తప్పు చేశారని చెప్పడానికీ రాలేదు. పొగాకు పని అయిపోగానే ఎండాకాలంలో తీయించేసుకుందాం అని డబ్బులు కూడబెట్టుకుంటున్నవాళ్లు కొందరుంటారు చూడండి, ముఖ్యంగా వాళ్లతో మాట్లాడదామని వచ్చాను.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి ముగ్గురికి గర్భసంచి తీసేసి ఉంటే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి తీసేసి ఉంది. దేశంలో మనదే మొదటి స్థానం, అంతకు ముందు 2015-16 సర్వేలోనూ మనదే. ఆపరేషన్ అయినవాళ్లలో సగం మందికి అప్పటికి 34 ఏళ్లు మించి లేవు. మన ఆడవాళ్లకి మాత్రమే వచ్చే జబ్బు ఏదీ లేదు కదమ్మా, మరి ఇన్ని ఆపరేషన్లు ఎందుకు?

కారణం మీకూ తెలుసు. పద్దెనిమిదికి పెళ్లి, ఇరవై రెండుకల్లా ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకముందే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఆ తర్వాత ఇంట్లోవాళ్లకీ, చివరికి మనకీ కూడా గర్భసంచి అక్కర్లేని వస్తువైపోతుంది. పొద్దున నాలుగింటికి లేచి చేలోకి పోవాలి, అక్కడ మరుగుదొడ్డి ఉండదు, గుడ్డ మార్చుకోవడానికి చాటు ఉండదు, ఒక రోజు మానేస్తే ఆ రోజు కూలి పోతుంది. అట్లాంటి మనిషి నా దగ్గరికొచ్చి "నెలనెలా ఈ బాధ ఎక్కడ పడేది డాక్టరమ్మా, తీసి పారేయండి" అంటే నాకు కోపం రాదు, బాధేస్తుంది. ఆమె అడుగుతున్నది ఆ బాధ పోవాలని. ఆ బాధ తీర్చడానికి కత్తి దాకా పోకుండానే చాలా దారులున్నాయి, అవి ఆమెకి ఎవరూ చెప్పలేదు.

మొన్న ఒకామె వచ్చింది, ముప్ఫై రెండేళ్లు. ప్లాస్టిక్ కవర్లో స్కానింగ్ కాగితం మడతపెట్టి తెచ్చింది. "సంచి వాచిందంట, సంచి నోటి కాడ పుండు పడిందంట, ఇట్లాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుందన్నారు" అంది, చేతులు వణుకుతున్నాయి. కాగితం చూస్తే 'బల్కీ యుటెరస్' అని ఉంది. అంటే సంచి కొంచెం పెద్దగా ఉందని, అంతే, కాన్పులైన ఆడవాళ్లలో చాలామందికి అట్లాగే ఉంటుంది. కింద 'నబోతియన్ సిస్ట్' అని ఇంకో మాట ఉంది, అవి సంచి మూతి దగ్గర ఉండే చిన్న నీటి బుడగలు, వాటికి మందు కూడా అవసరం లేదు. లోపల చూస్తే మూతి దగ్గర ఎర్రగా ఉంది. లోపలి పొర కొద్దిగా బయటికి కనపడితే అట్లా ఎర్రగా అవుతుంది, చాలామందిలో అది మామూలే. పుండు అనే మాట విన్న రోజు నుంచి ఆమెకి నిద్ర లేదు. భర్త అప్పటికే వడ్డీకి డబ్బు మాట్లాడి పెట్టాడు.

అయితే ఆమెకి జబ్బే లేదా అంటే, ఉంది. హిమోగ్లోబిన్ ఏడు. ఆ 2019-21 సర్వే ప్రకారమే మన రాష్ట్రంలో నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లకి రక్తహీనత ఉంది, ఈమెకి నెలసరి ఎక్కువగా పోయి ఇంకా తగ్గింది. థైరాయిడ్ పరీక్ష చేయిస్తే తేడా ఉంది, థైరాయిడ్ తక్కువైతే బ్లీడింగ్ ఎక్కువవుతుంది. థైరాయిడ్ మాత్ర, ఐరన్, ముట్టు రోజుల్లో మాత్రం వేసుకోవడానికి రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్ బిళ్లలు ఇచ్చాం. వడ్డీ డబ్బు ఆ రోజే తిరిగిచ్చేయమని భర్తకి చెప్పాను.

ఎక్కువ పోవడం అంటే ఎంత అని అడుగుతారు. గంటకో ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, పెద్ద పెద్ద రక్తం గడ్డలు పడుతున్నా, ఎనిమిది రోజులు దాటినా అది ఎక్కువే, ఓర్చుకుని ఇంట్లో కూర్చోవద్దు. బిళ్లలతో ఆగకపోతే హార్మోన్ మాత్రలున్నాయి. హార్మోన్ ఉన్న లూప్ అని ఇంకొకటి ఉంది, సంచి లోపల పెడతారు, కోత లేదు, మత్తు సాధారణంగా అక్కర్లేదు, అయిదేళ్లకు పైగా పనిచేస్తుంది, చాలామందిలో రక్తస్రావం బాగా తగ్గిపోతుంది. మొదటి కొన్ని నెలలు మరకలు మరకలుగా కనపడుతుంది, అది ముందే తెలిస్తే భయపడి తీయించేసుకోరు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయినవాళ్లు కూడా ఇది పెట్టించుకోవచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇక సంచిలో పెరిగే గడ్డలు, అంటే ఫైబ్రాయిడ్లు. గడ్డ అనగానే క్యాన్సర్ గుర్తొస్తుంది మనకి. ఫైబ్రాయిడ్ దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. చిన్నది, బాధ పెట్టనిది అయితే దాని మానాన దాన్ని వదిలేయొచ్చు, ముట్లు ఆగిపోయాక మామూలుగా కుంచించుకుపోతుంది. తెల్లబట్టకి కూడా సంచి తీయించుకున్నవాళ్లని చూశాను, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. తెల్లబట్ట కొంతవరకు అందరికీ సహజం. దురద, వాసన, పెరుగు ముక్కల్లా పడటం ఉంటే అది ఇన్‌ఫెక్షన్. చాలావరకు కొద్ది రోజుల మందులతో తగ్గేది. పీహెచ్‌సీలో అడిగితే ఉచితంగా ఇస్తారు. కొన్ని రకాల ఇన్‌ఫెక్షన్లకి భర్త కూడా మందు వాడాలి, లేకపోతే మళ్లీ మళ్లీ వస్తుంది. "నాకేం జబ్బు లేదు, నేనెందుకు మింగాలి" అంటారు మగవాళ్లు. వాళ్లని నా దగ్గరికి పంపండి, నేను చెబుతాను.

నడుంనొప్పికి అయితే సంచి తీసినా ఉపయోగం ఉండదు. వంగి పనిచేసే నడుం, బరువులు మోసే నడుం, నొప్పి అక్కడ ఉంటే సంచి తీస్తే ఎట్లా పోతుంది?

తీసేస్తే పోయేదేముంది అంటారు కదా. ఆపరేషన్‌లో మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ తగిలే ప్రమాదం కొద్దిగా ఉంటుంది. అంతకంటే ముఖ్యమైనది అండాశయాల సంగతి. సంచితో పాటు అవి కూడా తీసేస్తే మర్నాటి నుంచే ముట్లుడిగిన శరీరం అయిపోతుంది. ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం, ఎముకలు త్వరగా గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరగడం. నలభై అయిదు లోపు తీసేసినవాళ్లకి ఈ ముప్పు బాగా ఎక్కువ. అండాశయాలు ఉంచి సంచి ఒక్కటే తీసినా అవి కొన్నేళ్లు ముందే పనిచేయడం మానేయొచ్చు. ముప్ఫై నాలుగేళ్ల మనిషి ఇంకా ముప్ఫై ఏళ్లు కూలికి పోవాల్సిన మనిషి, ఆ ఎముకలతోనే పోవాలి.

నేను గర్భసంచి ఆపరేషన్లు చేసే డాక్టర్నే, వద్దే వద్దు అనను. క్యాన్సర్ ఉంటే తీయాలి. మందులకీ లూప్‌కీ లొంగని రక్తస్రావం, కడుపంతా నిండిన ఫైబ్రాయిడ్లు, కాన్పు తర్వాత ఎంతకీ ఆగని రక్తం, సంచి పూర్తిగా కిందికి జారిపోవడం, వీటికి ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది, బతుకు బాగుచేస్తుంది. ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క రక్తం కనపడినా మాత్రం సిగ్గుపడి దాచుకోకండి. అట్లా వచ్చిన పది మందిలో ఒకరికి లోపల క్యాన్సర్ ఉండొచ్చు, త్వరగా పట్టుకుంటే నయమవుతుంది. అత్తగార్లు ఇది కోడళ్లకి కూడా చెప్పరు, దయచేసి చెప్పండి.

క్యాన్సర్ భయం ఉన్నవాళ్లకి ముందు చేయాల్సింది పరీక్ష. ముప్ఫై దాటినవాళ్లకి సంచి మూతి మీద వెనిగర్ లాంటి ద్రావణం రాసి ఒక నిమిషం ఆగి చూస్తారు, తెల్లమచ్చలు వస్తే పెద్దాసుపత్రికి పంపిస్తారు. నొప్పి పెద్దగా ఉండదు. మీ ఏఎన్ఎంని అడిగితే ఎక్కడ చేస్తారో చెబుతుంది.

ఎవరైనా ఆపరేషన్ అంటే అడగండి: ఏ జబ్బుకి తీస్తున్నారు, మందులతో తగ్గదా, అండాశయాలు ఉంచుతారా, తీసిన సంచిని బయాప్సీకి, అంటే క్యాన్సర్ ఉందేమో ల్యాబ్‌లో చూసే పరీక్షకి, పంపుతారా? నలభై దాటి బ్లీడింగ్ ఎక్కువైతే తీయకముందే లోపలి పొర ముక్క పరీక్ష చేశారా అని కూడా అడగండి. రక్తం ధారగా పోతుంటే తప్ప ఇది ఈ రోజే చేయాల్సిన ఆపరేషన్ కాదు, కాగితాలు తీసుకుని ఒంగోలు వెళ్లి ప్రభుత్వాసుపత్రిలో ఇంకో డాక్టర్‌కి చూపించుకునే టైమ్ ఉంటుంది. ఇట్లా అడిగితే డాక్టర్‌కి కోపం వస్తుందని భయపడకండి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా చూడమని కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది, మూడు నెలల్లో అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలకి చెప్పింది. అడగడం మీ హక్కు.

ఇప్పటికే తీయించుకున్నవాళ్లు దిగులు పడొద్దు. డిశ్చార్జి కాగితం, బయాప్సీ రిపోర్టు జాగ్రత్తగా పెట్టుకోండి. అండాశయాలు ఉన్నాయో లేదో అందులో రాసి ఉంటుంది. అండాశయాలు తీసేసి ఉండి, వయసు నలభై అయిదు లోపే అయితే, హార్మోన్ మాత్రలు మీకు పనికొస్తాయేమో డాక్టర్‌తో మాట్లాడాలి. ఏడాదికోసారి బీపీ, షుగర్ చూపించుకోండి. రాగి, పాలు, పెరుగు, మునగాకు తినండి. అండాశయాలు లేనివాళ్లకి తిండి ఒక్కటే చాలదు, కాల్షియం, విటమిన్ డి మాత్రలు కూడా పడాలి.

భోజనాల వరకు నేను ఇక్కడే ఉంటాను. స్కానింగ్ కాగితాలు తెచ్చినవాళ్లు ఆ వెనక గదిలోకి ఒక్కొక్కరే రండి, తలుపు వేసుకుని మాట్లాడుకుందాం.